కాగ్నా మోసిన మట్టి

తాండూరు స్టేషన్ ప్లాట్‌ఫారం చివర పసుపుపచ్చ బోర్డు మీద ఊరి పేరు పెద్ద అక్షరాల్లో ఉండేది. దాని కింద, ఎవరూ పట్టించుకోని చోట, సముద్రమట్టానికి ఊరు ఎన్ని మీటర్ల ఎత్తున ఉందో చిన్న అక్షరాల్లో రాసి ఉండేది. వికారాబాదు స్టేషన్‌లోనూ అంతే. నాయిన బండల వ్యాపారి దగ్గర గుమాస్తా. వ్యాగన్లకు బండలు ఎక్కించే పని మీద స్టేషన్‌కు పోయినప్పుడల్లా నన్ను వెంట తీసుకుపోయేవాడు. ఆయన లెక్కలు చూసుకుంటుంటే నేను ఆ అంకెను చదువుకునేవాణ్ని. మా ఇంట్లో సముద్రాన్ని చూసినవాళ్లు ఒక్కరూ లేరు. నాలుగొందల కిలోమీటర్ల అవతలి నీళ్లను పట్టుకుని మా ఊరి ఎత్తు ఎవరు కొలిచారు, ఎందుకు కొలిచారు అని అడిగితే, "నేలంతా అక్కడినుంచే లెక్క బిడ్డా" అన్నాడు.

ఆ లెక్క సంగతి చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. దేశంలో ఎత్తులు కొలవడానికి సర్వే ఆఫ్ ఇండియా వాళ్లు 1909లో ఒక మట్టాన్ని ఖాయం చేశారు. కరాచీ, బొంబాయి, కార్వార్, కొచ్చిన్, నాగపట్నం, మద్రాసు, విశాఖపట్నం, ఇలా మొత్తం తొమ్మిది రేవుల్లో ఆటుపోట్లను ఏళ్ల తరబడి గమనించి, సగటు తీసి, దాన్నే సున్నా అనుకున్నారు. కొండలు, కోటలు, రైలు స్టేషన్లు అన్నిటి ఎత్తూ ఆ సున్నా నుంచే.

ఇప్పుడు ఆ సున్నా దగ్గర సముద్రం లేదు. 1901 నుంచి 2018 లోపల ప్రపంచ సముద్రమట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగిందని, వాతావరణ మార్పులను పరిశీలించే అంతర్జాతీయ నిపుణుల సంఘం ఐపీసీసీ నివేదిక చెబుతున్నది. జానెడు. 2006 తర్వాతి కాలానికి వచ్చేసరికి ఏటా 3.7 మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతున్నది, అంటే వేగం కూడా పెరిగింది. మా బోర్డు మీది అంకె మా ముత్తాతల నాటి సముద్రం నుంచి కొలిచినది. పోయినవాటిని తలుచుకుంటూ కూర్చునే వయసు వచ్చింది నాకు. తలుచుకోవలసిన వాటిలో ఆ పాత సముద్రమట్టం కూడా ఒకటని చాలామందికి తట్టదు. అది ఎక్కడో తీరంలో పోయింది, మనకేం సంబంధం అనుకుంటాం. మాకు చాలా సంబంధం ఉంది. దాన్ని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

సముద్రం మా ఇంటికి ఉప్పయి వచ్చేది. అంగట్లో దొడ్డుప్పును గోనెపట్టా మీద కుప్ప పోసి సోలతో కొలిచేవాళ్లు. వానాకాలంలో ఆ కుప్ప చెమర్చి పట్టా కింది నేల తెల్లబడేది. అవ్వ దాన్ని మట్టికుండలో పోసి పొయ్యికి దగ్గర్లో పెట్టేది. అడుగున ఊరిన నీళ్లను పారబోయనిచ్చేది కాదు, బర్రెల కుడితిలో కలిపేది. మా ఊరి పక్క తండా నుంచి వచ్చే ముసలాయన ఒకరు అవ్వతో మాట్లాడుతూ తన తాతల ముచ్చట చెప్పేవాడు. వాళ్లు ఎడ్ల మందల మీద బందరు తీరం నుంచి ఉప్పు మోసుకొచ్చేవాళ్లట. పోయేటప్పుడు ధాన్యం, వచ్చేటప్పుడు ఉప్పు. ఇది ఒక్క ఆయన ఇంటి ముచ్చటే కాదు. లంబాడీల ఎడ్ల బిడారులు తూర్పు తీరపు ఉప్పును దక్కను అంతటికీ అందించిన సంగతి చరిత్రలో ఉన్నదే. 1874లో నిజాం రైల్వే వాడి నుంచి సికింద్రాబాదు దాకా పట్టాలు వేసింది. ఆ పట్టాలు మా తాండూరు, వికారాబాదుల మీదుగానే పోయాయి. తర్వాత కొన్నేళ్లకే ఆ బిడారు దారులు గడ్డి మొలిచి మాసిపోయాయి. ముసలాయన దగ్గర మిగిలింది ఎడ్ల మెడల్లో కట్టిన గంటల పేర్లు మాత్రమే. ఒక్కో వరసకు ఒక్కో గంట, ఒక్కో గంటకు ఒక్కో పేరు. నేను రాసిపెట్టుకోలేదు, ఇప్పుడు అడగడానికి ఆయన లేడు.

తీరం నుంచి మాకు ఉప్పు వచ్చేది సరే, మా దగ్గర్నుంచి తీరానికి ఏం పోయేది? ధాన్యం సంగతి అందరికీ తెలుసు. మట్టి సంగతి తెలియదు.

మా తాండూరు నది కాగ్నా వానాకాలంలో పొంగితే చూడాలి. అనంతగిరి గుట్టల ఎర్రమట్టి, కింద మైదానాల నల్లరేగడి రెండూ కలిసి నీళ్లు చిక్కబడి వచ్చేవి. చేతిలో పట్టుకుంటే నీళ్లు జారిపోయి వేళ్ల సందుల్లో మట్టి మిగిలేది. వరద తీసిన మూడో రోజుకో నాలుగో రోజుకో ఒడ్డున ఉన్న చేలల్లో జొన్నరొట్టె మందాన మెత్తటి మట్టి పొర పరుచుకుని కనిపించేది. ఎండకు అది పగిలి పెంకులు పెంకులుగా అంచులు పైకి లేచేవి. పిల్లలం ఆ పెంకులను ఏరి దొంతరలు పేర్చేవాళ్లం. పెద్దవాళ్లు మాత్రం ఆ మట్టిని తొక్కనిచ్చేవాళ్లు కాదు. ఆ పొర పడిన చేను ఆ ఏడు ఎరువు అడగదని చెప్పేవాళ్లు. ఎండాకాలం కాగ్నా ఇసుకలో చెలిమలు తీసి తాగునీళ్లు తోడుకునేవాళ్లం. ఇసుక తిన్నెల మీద పుచ్చ, ఖర్బూజ పాదులు పెట్టేవాళ్లు. ఆ పాదులు పోయాయి. వాటికి ముందే ఇసుక పోయింది, లారీల్లో. చెలిమలు ఎట్లా ఉంటాయో మా మనవలకు బొమ్మ గీసి చూపించవలసి వచ్చింది.

మా చేలల్లో పడిన ఆ రొట్టె మందం పొర నది మోసుకుపోయేదాంట్లో ఎంతో చిన్న వాటా. మిగతాదంతా ముందుకు సాగేది. ఎక్కడికి? ఒక్కసారి ఆ దారి వెంట పోయి చూడండి.

అనంతగిరి గుట్టలు సముద్రమట్టానికి ఆరువందల మీటర్ల పైచిలుకు ఎత్తున ఉంటాయి. అనంత పద్మనాభస్వామి గుడి దగ్గరి భవనాశి గుండమే మూసీ పుట్టుక అని మావాళ్ల నమ్మకం. ఆ గుట్టల్లో తూర్పుకు జారిన వాన మూసీ అవుతుంది. హైదరాబాదు మీదుగా పోయి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. పడమటికి జారిన వాన కాగ్నాలో పడి తాండూరు దాటి కర్ణాటకలోకి పోతుంది. రాష్ట్రకూటుల రాజధాని మాన్యఖేటం, ఇప్పటి మాల్ఖేడ్, ఈ కాగ్నా ఒడ్డునే ఉంది. అక్కడినుంచి భీమలో, భీమ రాయచూరు వైపు పోయి కృష్ణలో. ఒకే గుట్ట మీద పడిన రెండు చినుకులు వీపులు తిప్పుకుని చెరో దిక్కుకు పోయి, ఒకటి హైదరాబాదును, ఇంకొకటి మాన్యఖేటాన్ని చూసి, చివరికి ఒకే నదిలో, ఒకే డెల్టాలో, హంసలదీవి దగ్గర ఒకే సముద్రంలో పడతాయి. మా జిల్లా పటాన్ని చూసిన ప్రతిసారీ నాకు ఇది ఆశ్చర్యంగానే ఉంటుంది. వికారాబాదు తూర్పు వాలు, తాండూరు పడమటి వాలు, రెండూ కృష్ణ సముద్రంలో కలిసే చోటి దివిసీమకు ఎగువ పొలాలే.

దివిసీమ అనే పేరు నేను మొదట విన్నది 1977 నవంబరులో, రేడియో వార్తల్లో. ఆ నెల 19న వచ్చిన ఉప్పెన కృష్ణా తీరంలో పదివేల మందికి పైగా ప్రాణాలు తీసింది. నీటిగోడ తాటిచెట్ల ఎత్తున వచ్చిందని చెప్పుకున్నారు. బడిలో పాతబట్టలు పోగుచేశారు. అవ్వ తన రెండు చీరల్లో ఒకటి ఇచ్చింది. నీళ్లు అంత దూరం లోపలికి ఎట్లా వచ్చాయని మాకు అర్థం కాలేదు. మా దగ్గర నీళ్లు ఎప్పుడూ పల్లానికే పోతాయి, మెరకకు ఎక్కవు. అది 1864లో బందరును ముంచిన ఉప్పెనకు రెండో రూపమని, ఆ నేల సముద్రానికి గజం ఎత్తున కూడా లేని చోట్లు చాలా ఉన్నాయని తర్వాత చదివాను. నేల అంత పల్లంగా ఎందుకుంది అంటే, అది నది వేసిన మట్టి కనుక. అందులో మా మట్టీ ఉంది కనుక.

రాబోయే రోజుల్లో సముద్రం పెరిగితే ఏ తీరానికి ఎంత ప్రమాదమో లెక్కగట్టిన పరిశోధన ఒకటి 2008లో వచ్చింది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన కాకాని నాగేశ్వరరావు గారు, ఆయన సహచరులు, అహ్మదాబాదులోని అంతరిక్ష అనువర్తనాల కేంద్రం శాస్త్రవేత్తలు కలిసి చేశారు. 1,030 కిలోమీటర్ల ఆంధ్ర తీరాన్ని ముక్కలుగా విడగొట్టి, ప్రతి ముక్కకూ అయిదు సంగతులు చూశారు. తీరం ఏ తీరు నేల, కొండా, ఇసుకా, బురదా. తీరం నుంచి నేల ఎంత వాలుగా లేస్తున్నది. ఇదివరకటి పటాలతో పోలిస్తే ఒడ్డు ముందుకు జరిగిందా, వెనక్కా. పోటుకూ ఆటుకూ మధ్య ఎంత తేడా. అలల ఎత్తు ఎంత. ఒక్కోదానికి ప్రమాదాన్ని బట్టి అంకె వేసి, అన్నీ కలిపి ఒక సూచిక తయారుచేశారు.

ఫలితం తీరాన్ని ఎరిగినవాళ్లకు కొత్త కాదు, కానీ అంకెల్లో చూస్తే గుండె బరువెక్కుతుంది. 442 కిలోమీటర్ల తీరం, అంటే నూటికి 43 వంతులు, అతి ఎక్కువ ప్రమాదంలో ఉంది. అందులో ఎక్కువ భాగం కృష్ణా, గోదావరి డెల్టాల ముఖమే. మరో 35 శాతం ఎక్కువ ప్రమాదంలో ఉంది. 2007 నాటి ఐపీసీసీ నివేదిక చెప్పిన గరిష్ఠ పెరుగుదల 59 సెంటీమీటర్లు. సుమారు 0.6 మీటర్లు పెరిగిందనుకుని వాళ్లు లెక్క వేశారు. ఇప్పుడు పోటు 1.4 మీటర్ల ఎత్తు దాకా వస్తుంటే అప్పుడు 2 మీటర్ల దాకా వస్తుంది. ఆ గీత లోపల 282 ఊళ్లు, 2001 జనాభా లెక్క ప్రకారం సుమారు 12 లక్షల 90 వేల మంది ఉన్నారు. ఎక్కువగా గుడిసెల్లో బతికే మత్స్యకారులు. ఇది 2008 లెక్క. 2021లో వచ్చిన ఐపీసీసీ నివేదికలో, మనం బొగ్గూ చమురూ ఇట్లాగే మండిస్తూ పోతే 2100 నాటికి ఒక మీటరు దాకా పెరగవచ్చని ఉంది.

హైదరాబాదు ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ అనే సంస్థ ఉంది, మహాసముద్ర సమాచార సేవల జాతీయ కేంద్రం. 1999లో పెట్టారు. సునామీ వస్తే దేశానికి మొదట హెచ్చరిక ఇచ్చేది ఇక్కడినుంచే. వీళ్లు దేశ తీరమంతటికీ ఇట్లాంటి లెక్కే వేసి, 156 పటాల అట్లాసు ప్రచురించారు. ఆ అయిదింటికి సముద్రమట్టం పెరిగే వేగాన్ని, తీరప్రాంతపు ఎత్తును కూడా కలిపి మొత్తం ఏడు సంగతులు చూశారు. సముద్రపు మంచిచెడ్డలు కనిపెట్టే ఇల్లు మా పీఠభూమి మీద, మూసీ నగరంలో ఉండటం నాకు ఎంతో సబబుగా అనిపిస్తుంది. ఇప్పుడు నౌకాదళం కూడా వికారాబాదు దాకా వచ్చింది. నీటి అడుగున ఉండే జలాంతర్గాములకు సంకేతాలు పంపే రేడియో కేంద్రానికి దామగుండం అడవిలో 2024 అక్టోబరు 15న శంకుస్థాపన చేశారు. ఆ అడవి మూసీ తొలి నీళ్లను పట్టే అడవుల్లో ఒకటి. చెట్లు కొట్టవద్దని చాలామంది గొడవ చేశారు. వాళ్లు అన్నది వినవలసిన మాటేనని నా అభిప్రాయం.

మళ్లీ ఆ అయిదు సంగతుల దగ్గరికి. మూడోది, ఒడ్డు ముందుకు జరిగిందా వెనక్కా అన్నది, తీరంలో కొలుస్తారు. అయితే అది తీరంలో పుట్టే సంగతి కాదు. డెల్టా ఒడ్డు ముందుకు రావాలంటే నది మట్టి తేవాలి. డెల్టా నేల తన బరువుకు తానే ఏటా కొద్దిగా కుంగుతుంటుంది. కొత్త మట్టి పడితే ఆ కుంగు పూడుతుంది. మట్టి ఆగిపోతే సముద్రం అక్కడే ఉన్నా నేల దానికింద చేరుతుంది. సముద్రం కూడా పెరుగుతుంటే రెండు వైపుల నుంచీ నష్టమే. 2009లో ప్రపంచంలోని 33 డెల్టాలను పరిశీలించి వచ్చిన ఒక అధ్యయనం ఇదే చెప్పింది. అందులో మన కృష్ణా, గోదావరులు కూడా ఉన్నాయి.

నాగేశ్వరరావు గారి బృందమే 2010లో ఈ మట్టి లెక్క తీసింది. 1960ల చివర కృష్ణ డెల్టాకు ఏటా మోసుకొచ్చిన ఒండ్రు 90 లక్షల టన్నులు. 2000 తర్వాత అది 4 లక్షల టన్నులకు పడిపోయింది. నీళ్లు కూడా అంతే. 1950లలో ఏటా దాదాపు 62 ఘన కిలోమీటర్ల నీళ్లు డెల్టాకు చేరేవి, 2000 తర్వాత 12కు తగ్గాయి. 1965 నుంచి 2008 లోపల రెండు డెల్టాలు కలిపి 76 చదరపు కిలోమీటర్ల నేలను సముద్రానికి వదులుకున్నాయి. మొదటి ఇరవై అయిదేళ్లలో ఏటా 1.39 చదరపు కిలోమీటర్లు పోతే, తర్వాత ఏటా 2.3 దాకా పోయింది.

తొంభై లక్షల టన్నులు నాలుగు లక్షలయ్యాయంటే, దాదాపు ఇరవై రెండు వంతుల మట్టిలో ఒక వంతే చేరుతున్నది. మిగతా ఇరవై ఒక్క వంతులు ఎక్కడ ఆగాయి? తాండూరు నుంచి బయలుదేరిన మట్టి జూరాల దాటాలి, శ్రీశైలం దాటాలి, 1967లో పూర్తయిన నాగార్జునసాగర్ దాటాలి, పులిచింతల దాటాలి, చివర విజయవాడలో ప్రకాశం బ్యారేజీ దాటాలి. మూసీ మట్టికి ఉస్మాన్‌సాగర్, సూర్యాపేట దగ్గరి మూసీ ప్రాజెక్టు, ఆ తర్వాత పులిచింతల, ప్రకాశం బ్యారేజీ. ఉస్మాన్‌సాగర్ ఊరికే కట్టింది కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ హైదరాబాదును ముంచి వేల మందిని పొట్టన పెట్టుకున్న తర్వాత, మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి సలహా మీద కట్టింది. దాన్ని తప్పు పట్టే నోరు నాకు లేదు. నాగార్జునసాగర్ లేకుంటే నల్లగొండ, ఖమ్మం, గుంటూరు, ప్రకాశం జిల్లాల పల్లెలు ఏం తినేవి?

కానీ లెక్క లెక్కే. శ్రీశైలం జలాశయం కట్టినప్పుడు దాని కడుపులో 308 టీఎంసీలు పట్టేవి, ఇప్పుడు 215. నాగార్జునసాగర్‌లో 408 పట్టేవి, ఇప్పుడు 312. నీటి పంపకాల తగాదాల్లో ఈ అంకెలను రెండు రాష్ట్రాల ఇంజనీర్లూ చదువుతారు, తగ్గిన నీటి గురించి బాధపడతారు. నేను ఆ అంకెలను చదివితే నాకు మట్టి కనిపిస్తుంది. రెండు జలాశయాల్లో కలిపి 189 టీఎంసీల చోటు పోయింది, అంటే 500 కోట్ల ఘనపు మీటర్లకు మించి. మా చిన్నప్పుడు కాగ్నా ఒడ్డున పెంకులు లేచిన మట్టి, మా తర్వాతి పిల్లలు చూడని మట్టి, దివిసీమ పల్లెల కింద చేరవలసిన మట్టి, నల్లమల కొండల మధ్య నీటి అడుగున ఉంది.

కొన్నేళ్ల కిందట నాగాయలంక పోయాను. అక్కడినుంచి పడవలో దీవుల వైపు. మడ అడవులు ఒడ్డు పొడుగునా ఉన్నాయి. కొన్నిచోట్ల వేళ్లు పైకి లేచి, చెట్లు నీళ్లలోకి ఒరిగి ఉన్నాయి. ఎదురుమొండి, నాచుగుంట దీవుల అంచులు కోతకు కరిగిపోతున్న సంగతి పత్రికల్లో చదివే పోయాను. పడవ నడిపిన పెద్దాయన నాకంటే వయసులో పెద్ద. మాది ఎక్కడ అని అడిగితే తాండూరు అని చెప్పాను, కాగ్నా అని చెప్పాను. ఆయనకు ఆ పేరు తెలియదు. నది దారి మొత్తం చెప్పాక కాసేపు ఊరుకుని అన్నాడు: "మా చిన్నప్పుడు వరద వచ్చిందంటే సముద్రం లోపల రెండు మైళ్ల దాకా నీళ్లు మట్టి రంగులో ఉండేయి బాబూ. ఆ మట్టినీళ్ల అంచునే చేప దొరికేది. ఇప్పుడు వరద వచ్చినా తెల్లగానే వత్తంది. గేట్లెత్తితే నీళ్లొత్తాయి గానీ మట్టి రాదు."

ఇంతకంటే తేటగా ఏ నివేదికలోనూ నాకు కనిపించలేదు. వరదనీళ్లు తేరుకుని రావడం మాకు మంచి సంగతిలా అనిపిస్తుంది. అక్కడి మనిషికి అది నేల పోవడం, చేప పోవడం. ఆయన వాళ్ల ఊరి పక్క బావులు ఉప్పెక్కిన సంగతి, వరి వదిలి రొయ్యల చెరువులు తవ్విన సంగతి చెప్పాడు. పైన గోదావరి వైపు ఉప్పాడలో ఇళ్లూ రోడ్డూ ఏటా సముద్రంలోకి పోతున్న సంగతి కూడా ఆయనకు తెలుసు. బంధువులున్నారట. తీరం మనుషులకు తీరం పొడుగునా బంధువులుంటారు. నదికి ఎగువన కూడా బంధువులున్నారని వాళ్లకూ ఎవరూ చెప్పలేదు, మాకూ చెప్పలేదు.

మట్టిని ఆపడం ఒకటి. మా వైపు నుంచి తీరానికి పోతున్నది ఇంకొకటి ఉంది, అది గాలిలో పోతుంది. దీన్ని రాయడం నాకు కష్టంగా ఉంది, ఎందుకంటే నన్ను చదివించింది మా ఊరి బండరాయే.

తాండూరు బండ, షాబాదు బండ అని మీ ఇళ్లలో పరిచిన రాయి సముద్రపు అడుగున పుట్టింది. కోట్ల ఏళ్ల కిందట, ఎముకలున్న ప్రాణి ఒక్కటీ భూమి మీద లేని రోజుల్లో, మా తాలూకా లోతులేని సముద్రం కింద ఉండేది. సున్నపు బురద పొర మీద పొరగా పడి గట్టిబడింది. భూగర్భ శాస్త్రవేత్తలు దాన్ని భీమా బేసిన్ అంటారు. చాలా కాలం తర్వాత, సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట, పడమటి నుంచి లావా పొంగి ఆ సున్నపురాతిని కప్పింది. ఆ లావారాయి శిథిలమై అయింది మా నల్లరేగడి. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందిపప్పు పండేది ఆ రేగడిలోనే. సముద్రం ఎన్నడూ చూడని మావాళ్లు పుట్టిన దగ్గర్నుంచి సముద్రపు అడుగు మీదే నడిచారు, పడుకున్నారు, ఎండలో కందులు ఆరబోసుకున్నారు.

నా చిన్నప్పుడు బండలు చేత్తో తీసేవాళ్లు. పైమట్టి తోసేసి, పరుపుబండ కనిపించాక, ఉలితో గీత కొట్టి, సందులో గడ్డపార పెట్టి, ఇద్దరు ముగ్గురు కలిసి ఒక్కసారి ఎత్తేవాళ్లు. మంచి పనివాడు ముందు సుత్తెతో బండను తట్టి, చెవి పెట్టి వినేవాడు. మోత సాపుగా వస్తే బండ ఏకంగా లేస్తుంది, బొంగురుగా ఉంటే లోపల పగులున్నట్టు. ఆ చెవి పోయింది, కోత యంత్రాలు వచ్చాయి. పగిలిన ముక్కలు, చిన్న ముక్కలు గనుల గట్ల మీద గుట్టలుగా ఉండేవి. అప్పట్లో ఊళ్లో ఇళ్ల సున్నానికి చిన్న బట్టీలు పెట్టేవాళ్లు. రాతిని కట్టెలతో కాల్చి, నీళ్లు చల్లితే బుస్సుమని పొంగి పిండయ్యేది.

ఆ బట్టీలో జరిగేదేమిటో బడిలో రసాయన శాస్త్రం చెప్పింది. నూరు కిలోల శుద్ధమైన సున్నపురాయిని కాలిస్తే 56 కిలోల సున్నం మిగులుతుంది, 44 కిలోలు బొగ్గుపులుసు వాయువై గాలిలోకి పోతుంది. పొయ్యిలో మండిన బొగ్గు పొగ దీనికి అదనం. సిమెంటు కొలుముల్లో జరిగేదీ ఇదే, లక్షల టన్నుల మేర. ప్రపంచం వదిలే బొగ్గుపులుసు వాయువులో ఏడెనిమిది శాతం సిమెంటుదే. ఆ వాయువు భూమి వేడిని పట్టి ఉంచుతుంది, వేడికి సముద్రపు నీళ్లు ఉబ్బుతాయి, మంచుకొండలు కరుగుతాయి. మా చుట్టుపక్కల సిమెంటు కొలుములు తమ వాటాకు మించి చేసిన పాపం ఏమీ లేదు. దేశానికి ఇళ్లు కావాలి, ఆనకట్టలు కావాలి. మా ఊళ్లలో వేల కుటుంబాలు ఆ జీతాల మీద బతికాయి. అయినా ఆ పాత సముద్రం తన అడుగున దాచిపెట్టిన వాయువును మేం వదిలిపెడుతున్నాం, అది ఇప్పటి సముద్రాన్ని పైకి లేపుతున్నది. ఈ రెండు సముద్రాల మధ్య నా ఊరు ఉందని తెలిశాక ఏ బండ మీద నడిచినా ఆ ఆలోచన నన్ను వదలడం లేదు.

మళ్లీ మట్టి దగ్గరికి వస్తాను. చెరువులు బాగుచేసిన మిషన్ కాకతీయ పథకం రోజుల్లో మా చెరువుల పూడిక తీసి రైతులు ట్రాక్టర్లలో చేలకు తోలుకున్నారు. అంతకుముందు ఎడ్లబండ్లతో తోలేవాళ్లు. చెరువు ఎండిన ఎండాకాలంలో ఊరంతా గట్టు మీదే ఉండేది. ఆ మట్టి ఇక్కడే ఉండిపోతే డెల్టాకు పోయేది తగ్గుతుంది, నిజమే. కానీ ఆ మట్టి కొట్టుకొచ్చింది మా చేల నుంచే, దాన్ని తిరిగి చేలో వేసుకునే రైతును ఏమీ అనలేం. ఎగువన నేల కోసుకుపోకూడదు, దిగువన నేల కోసుకుపోకూడదు. ఈ రెండింటికీ పొత్తు కుదిర్చే పని పెద్ద జలాశయాల దగ్గరే ఉంది. వరద నిండుగా ఉన్నప్పుడు అడుగు గేట్లు ఎత్తి మట్టిని కొంతైనా కిందికి వదిలే పద్ధతులు ప్రపంచంలో ఉన్నాయి. చైనాలో పసుపు నది మీద షియావ్‌లాంగ్దీ జలాశయం నుంచి 2002 మొదలుకొని అట్లా వదులుతున్నారు. శ్రీశైలంలో, సాగర్‌లో అది ఎంతవరకు కుదురుతుందో చెప్పవలసింది ఇంజనీర్లు. అడగవలసింది మాత్రం మేమే, ఎగువవాళ్లం. దిగువవాళ్లు అడిగితే నీటి తగాదా అంటారు.

ఇంకొక కోరిక కూడా ఉంది. కేంద్ర జల సంఘం వాళ్లు భీమ మీద యాద్గిర్ దగ్గర, కృష్ణ మీద విజయవాడ దగ్గర నీళ్లతో పాటు మట్టిని కూడా కొలుస్తారు. యాద్గిర్ అంకెలో కాగ్నా మట్టి ఉంటుంది. తీరానికి ఎంత ప్రమాదమో లెక్కగట్టే అట్లాసును ఈసారి కొత్తగా వేసేటప్పుడు, కృష్ణా డెల్టా పటం పక్కన ఆ రెండు అంకెలనూ ఏటేటా వేయాలి. తాండూరు బళ్లోనూ, నాగాయలంక బళ్లోనూ గోడకు తగిలించడానికి వీలుగా, తెలుగులో.